తెచ్చిన కూరగాయలు వారమంతా నిలవాలంటే

మే నెలలో తిరుపతి మార్కెట్లో పొద్దున్నే కొన్న కొత్తిమీర కట్ట మధ్యాహ్నానికి తల వాల్చేసిందంటే దానికి నీళ్లు చాల్లేదు. అదే కట్టను కవరుతో సహా ఫ్రిజ్‌లోకి తోసేస్తే మూడో రోజుకు నల్లబడి జిగురుగా తయారవుతుంది. ఈసారి దానికి నీళ్లు ఎక్కువయ్యాయి. ఇంట్లో పాడయ్యే కూరగాయల్లో చాలావాటి సంగతి ఈ రెండింట్లో ఏదో ఒకటి. కొన్ని ఎండిపోతాయి, కొన్ని కుళ్లిపోతాయి. ఏది ఎలా పోతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో, దేంట్లో చుట్టాలో, కడగాలో వద్దో మనకే తెలిసిపోతుంది.

కోసిన తర్వాత కూడా కూరగాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలో ఉన్న చక్కెరలను కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటూ వేడినీ నీటి ఆవిరినీ బయటికి వదులుతుంది. చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు రెండు మూడింతలవుతుంది. వేసవిలో 35 డిగ్రీలుండే వంటింటికీ 5 డిగ్రీలుండే ఫ్రిజ్‌కూ 30 డిగ్రీల తేడా, అంటే తక్కువలో తక్కువ ఎనిమిది రెట్లు. మనవైపు ఇంకో చిక్కు కూడా ఉంది. క్యాబేజీ, బీన్స్, టమాటా లాంటివి ఎక్కువగా పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఎత్తు ప్రాంతాల నుంచి వస్తాయి. అక్కడి చల్లదనంలో పెరిగినవి మొగిలి ఘాట్ దిగి చిత్తూరుకో, భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికో చేరేసరికి వాతావరణమే మారిపోతుంది. అందుకే 'టమాటాలు బయటే పెట్టుకోండి, వారం ఉంటాయి' అని మదనపల్లె చుట్టాలు చెప్పే మాట తిరుపతిలో మే నెలకు పనికిరాదు.

కొనేటప్పుడు

ఆకుకూరలమ్మేవాళ్లు గంటకోసారి నీళ్లు చల్లుతారు. వాళ్లను తప్పుపట్టలేం. చల్లకపోతే పదింటికల్లా సరుకు వాడిపోతుంది. కానీ ఆ నీళ్లు కట్ట మధ్యలోకి దిగి అక్కడే ఉండిపోతాయి. కాబట్టి కట్ట పైపై పచ్చదనం చూసి తీసుకోవద్దు. మధ్యలో వేలు దూర్చి చూడండి. లోపల వెచ్చగా తగిలినా, పచ్చి గడ్డి మగ్గిన వాసన వచ్చినా కుళ్లు మొదలైనట్టే. 'అన్నా, నీళ్లు చల్లని కట్ట ఉంటే ఇవ్వు' అని అడగండి. పొద్దున్నే వెళ్తే రైతుబజారులో అలాంటివి దొరుకుతాయి.

కొత్తిమీర వేళ్లతో ఉన్నది కొనండి. వేళ్లు కోసేసి శుభ్రంగా కట్టిన దానికంటే మట్టి అంటుకున్న కట్టే ఎక్కువ రోజులు నిలుస్తుంది. పచ్చిమిరపకాయలకు తొడిమలు పచ్చగా ఉండాలి. బెండకాయ కొన, బీన్స్ కాయ విరిస్తే టక్కున విరగాలి. సంచి సర్దేటప్పుడు ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) అడుగున, ఆకులు పైన పెట్టుకోవాలి. నలిగిన చోటే ముందు కుళ్లు పడుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఎంత కొనాలన్నది కాలాన్ని బట్టి చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో వచ్చే ఆకుకూరలు చేలోనే తడిసి ఉంటాయి. ఆ రోజుల్లో ఆకుకూర రెండు రోజులకు మించి కొనకపోవడం మేలు.

ఇంటికి రాగానే అరగంట

మొత్తం పనిలో ముఖ్యమైనది ఈ అరగంట. మార్కెట్ నుంచి వచ్చి సంచిని అలాగే ఒక మూల పెట్టి కాఫీ తాగి, టీవీ చూసి, సాయంత్రం సర్దుదామనుకుంటే ఆ తర్వాత ఎంత ఖరీదైన డబ్బాలు వాడినా లాభం తక్కువ.

ముందు ప్లాస్టిక్ కవర్లన్నీ విప్పేయండి. ముడి వేసిన కవర్లో కూరగాయ వదిలే ఆవిరి లోపలే నీటి చుక్కలుగా మారుతుంది. తర్వాత కట్టలకున్న రబ్బరు బ్యాండు, అరటినార తీసేయండి. ఆ బిగింపు కిందే కాడలు ముందుగా మెత్తబడతాయి.

ఇప్పుడు ఏరివేత. పసుపు ఆకు, నలిగిన ఆకు, పుచ్చు పడినవి, మచ్చ ఉన్నవి పక్కకు తీయండి. ఒక్క కుళ్లిన టమాటా నుంచి బూజు పక్కవాటికి అంటుకోవడం అందరూ చూసిందే. కాస్త దెబ్బ తిన్నవి ఈరోజు పప్పులోకి, బాగున్నవి దాచడానికి.

కడగాలా? నిల్వ చేసేవి చాలావరకు కడగకండి, వండే ముందు కడుక్కోండి. నవంబరు వానల్లో ఆకుకూర నిండా బురద ఉంటే మాత్రం కడగక తప్పదు. అప్పుడు పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకును అందులో ముంచి, పైకి తీయాలి. గిన్నెను ఆకుతో సహా వంచేస్తే అడుక్కి దిగిన మట్టి మళ్లీ ఆకుకే అంటుతుంది. కడిగాక పాత పంచె మీదో, నూలు చీర ముక్క మీదో పలుచగా పరిచి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండలో వద్దు. నాలుగు ఆకులు గుప్పెట్లో పట్టుకుని వదిలితే అరచేతికి తడి అంటకూడదు, అదే గుర్తు. ఆరింది కదా అని గంటలకొద్దీ వదిలేయకండి, వాడిపోతుంది.

చుట్టడానికి న్యూస్‌పేపర్ వాడే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చాలాసార్లు హెచ్చరించింది. అచ్చు సిరా అంటుకోవడమే కారణం. పాత నూలు గుడ్డను మించింది లేదు. ఉతుక్కుని మళ్లీ వాడుకోవచ్చు, తడిని బాగా పీలుస్తుంది. లేదంటే తెల్ల టిష్యూ కాగితం.

కొత్తిమీర

రెండు పద్ధతులున్నాయి. మీ ఫ్రిజ్‌లో ఉన్న చోటును బట్టి ఎంచుకోండి.

మొదటిది గ్లాసు పద్ధతి. వేళ్లకున్న మట్టిని మాత్రం కడగండి, ఆకులకు తడి తగలనివ్వొద్దు. వేళ్లు లేని కట్టయితే కాడల చివర్లు అర అంగుళం కోసేయండి. గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి కట్టను నిలబెట్టి, పైన ప్లాస్టిక్ కవరు వదులుగా బోర్లించి ఫ్రిజ్‌లో పెట్టండి. కాడలు నీళ్లు తాగుతుంటాయి, కవరు వల్ల ఆకుల్లో తేమ పోదు, గాలీ కొంచెం ఆడుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, పసుపు రంగు ఆకు కనిపిస్తే తుంచేయాలి. ఇలా పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఉంటుంది. అదే గ్లాసును ఫ్రిజ్ బయట పెడితే వేసవిలో రెండో రోజు దాటదు.

నిన్నటి రసం గిన్నె, పెరుగు గిన్నె, దోసెపిండి డబ్బా ఉన్న ఫ్రిజ్‌లో గ్లాసు నిలబడే చోటెక్కడిది? తీసేటప్పుడు మోచెయ్యి తగిలితే అరలన్నీ నీళ్లు. అలాంటి ఇళ్లకు డబ్బా పద్ధతే మంచిది. వేళ్లు కోసేసి, ఆకు పూర్తిగా ఆరాక, మూత గట్టిగా పట్టే డబ్బా అడుగున మడిచిన గుడ్డ వేయండి. దాని మీద కొత్తిమీరను అదమకుండా పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి మూత పెట్టండి. మూడు రోజులకోసారి మూత తీసి చూడండి. మూత లోపలివైపు నీటి చుక్కలుంటే తుడిచి గుడ్డ మార్చండి. వారం, పది రోజులు నిలుస్తుంది. తరిగి మాత్రం దాచకండి. కోసిన ప్రతి అంచు నుంచీ వాసన పోతుంది, నలుపూ అక్కడి నుంచే పాకుతుంది.

కరివేపాకు

పెరట్లో గానీ, పక్కింట్లో గానీ చెట్టుంటే ఈ భాగం దాటేయండి. కరివేపాకును చెట్టుకు మించి దాచగలిగింది లేదు.

కొనేవాళ్లయితే రెమ్మలను దులిపి తడి లేకుండా తుడిచి, కొత్తిమీరలాగే గుడ్డ వేసిన డబ్బాలో పెట్టుకోండి. కరివేపాకు కాస్త మొండిది, రెండు వారాలు సులువుగా ఉంటుంది. నల్లబడ్డ ఆకులు కనిపిస్తే వాటిని తీసేస్తే చాలు, డబ్బా మొత్తం పారేయక్కర్లేదు.

ఎక్కువగా దొరికినప్పుడు రెమ్మలను కడిగి, బాగా ఆరబెట్టి, జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయవచ్చు. నెలలు ఉంటుంది, వాసన కొంచెం తగ్గుతుంది. వాడేటప్పుడు బయట పెట్టి కరగనివ్వకండి, నల్లగా మెత్తబడిపోతుంది. గడ్డకట్టిన ఆకును అలాగే తాలింపులో వేయాలి. ఆకు మీది మంచు నూనెలో పడితే చిటపటమని చిమ్ముతుంది, మూత చేతిలో పట్టుకునే వేయండి. ఎండబెట్టాలంటే నీడలోనే. ఎండకు పెట్టిన ఆకు రంగూ వాసనా రెండూ పోగొట్టుకుంటుంది. నీడలో నాలుగైదు రోజులకు గలగలలాడే ఆకు కారప్పొడికి బాగుంటుంది.

పుదీనా, మెంతికూర, మిగతా ఆకులు

పుదీనాకు తడి కంటే నలుగుడు ఎక్కువ చేటు. వేలితో నొక్కిన చోట మరుసటి రోజుకు నల్లమచ్చ తేలుతుంది. ఆకులు తుంచకుండా కాడలతోనే గ్లాసు పద్ధతిలో ఉంచండి. ఆకులు వాడేసుకున్నాక లావుపాటి కాడలు నాలుగు నీళ్లలోనే వదిలేస్తే కొన్నాళ్లకు తెల్లటి వేళ్లు వస్తాయి. వాటిని కుండీలో గుచ్చి, సగం నీడలో పెట్టి నీళ్లు పోస్తుంటే ఇంటికి సరిపడా పుదీనా వస్తుంది. వేసవిలో తిరుపతి మిద్దెల మీద నేరుగా ఎండ తగిలే చోట మాత్రం బతకదు.

మెంతికూర ఆకు తుంచి, ఆరబెట్టి, డబ్బాలో గుడ్డ మధ్య పెడితే నాలుగైదు రోజులు. పాలకూర, చుక్కకూర మూడు రోజులు. తోటకూర, సిర్రాకు రెండు రోజుల్లో వండేయండి. వాటితో బేరాలు కుదరవు. గోంగూర తుంచి పెడితే మూడు నాలుగు రోజులుంటుంది. అంతకు మించి ఉంచాలంటే పచ్చడే దారి. పచ్చడికి మాత్రం ఆకు కడిగాక పూర్తిగా ఆరాలి. ఆకులో దాగిన తడి నూనెలో మగ్గేటప్పుడు పూర్తిగా పోకపోతే ఆ పచ్చడికి బూజు పడుతుంది.

మునగాకును రాత్రి గుడ్డలో మూటకట్టి ఉంచితే పొద్దుటికి ఆకు రెమ్మల నుంచి దానంతటదే రాలుతుంది, ఏరుకునే బాధ తప్పుతుంది. ఆ రోజే వాడేయాలి.

ఆకు వాడిపోతే పారేయకండి. చల్లటి నీళ్లలో పావుగంట నుంచి అరగంట ముంచి ఉంచితే తిరిగి లేస్తుంది. ముల్లంగి, క్యారెట్లకు కూడా ఇదే వైద్యం. పసుపు తిరిగినదానికి, జిగురు పట్టినదానికి ఇది పనిచేయదు. లేచిన ఆకును ఆ పూటే వండాలి.

ఫ్రిజ్‌లో ఎక్కడ ఏది

తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన. తలుపు తీసిన ప్రతిసారీ వంటింటి వేడి ముందు వాటికే తగులుతుంది. వెనక గోడకు ఆనుకున్న చోటు మరీ చల్లన. అక్కడ తగిలిన కొత్తిమీర గడ్డకట్టి, తీసేసరికి ఉడికించినట్టు అయిపోతుంది. కూరగాయల చోటు కింది ట్రేయే. కొన్ని ఫ్రిజ్‌లలో ట్రేకి చిన్న జరుపుడు మీట ఉంటుంది. ఆకులు పెట్టినప్పుడు అది మూయాలి, తేమ లోపలే ఉంటుంది. పండ్లు పెట్టినప్పుడు తెరవాలి. ఫ్రిజ్‌ను 4 డిగ్రీల దగ్గర ఉంచుకోండి. ట్రేని కిక్కిరిసేలా నింపితే గాలి ఆడక మధ్యలోవి ముందు కుళ్లుతాయి.

పండే పండ్లు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, జామ, ఆపిల్, పండిన టమాటా అన్నీ ఈ కోవలోవే. ఆ గాలి సోకితే ఆకుకూరలు పసుపు తిరుగుతాయి, దోసకాయ రంగు మారుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. మే, జూన్‌లలో మన ఇళ్లలో సగం గది మామిడికాయల మాగుడుకే పోతుంది. ఆ గదిలో కూరగాయల బుట్ట ఉంచకండి.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి ఆకుతో వస్తే ఆకు కోసి విడిగా పెట్టండి. ఆకు ఉన్నంతసేపూ గడ్డలోని నీటిని లాగేస్తుంది. ముల్లంగి ఆకుతో పప్పు బాగుంటుంది. ఆకు తీసిన గడ్డలు నోరు వదులుగా మడిచిన కవర్లో, ట్రేలో రెండు వారాలు ఉంటాయి. క్యాబేజీని సగానికి కోసే బదులు పై నుంచి పొరలు పొరలుగా తీసి వాడుకుంటే మిగిలింది వారాలు నిలుస్తుంది.

పచ్చిమిరపకాయల తొడిమలు తీయాలా వద్దా అని ఇళ్లలో వాదనలు జరుగుతుంటాయి. తొడిమ దగ్గరే తడి నిలిచి కుళ్లు మొదలవుతుంది కాబట్టి తీయడమే నయమని నా లెక్క. అయితే మెల్లగా తిప్పుతూ తీయాలి. కాయ చినిగిందా, తీయకపోవడమే మేలయ్యేది. కాయలు పొడిగా ఉండాలి, డబ్బా అడుగున గుడ్డ ఉండాలి. రెండు వారాలకు లోటుండదు.

నిమ్మకాయలు బయట పెడితే వారానికి తోలు గట్టిపడి రసం ఇంకుతుంది. గూడూరు నుంచి సరుకు దండిగా వచ్చి ధర దిగినప్పుడు ఎక్కువే కొని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నెల దాకా రసం ఉంటుంది. అల్లం తోలు తీయకుండా, కడగకుండా గుడ్డలో చుట్టి ట్రేలో ఉంచాలి. ఫ్రిజ్‌లు లేనప్పుడు అల్లాన్ని తడి ఇసుకలో పాతిపెట్టేవాళ్లు. ఇప్పటికీ ఆ పద్ధతి పనిచేస్తుంది.

చల్లదనం పడనివి

వేడి నేలల కూరగాయలకు మరీ చల్లదనం పడదు. వంకాయ, దోసకాయ, బెండకాయ 10 డిగ్రీల దరిదాపుల్లో హాయిగా ఉంటాయి. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు దాటితే వంకాయ తోలు మీద గుంటలు పడి లోపల గింజలు గోధుమరంగుకు తిరుగుతాయి, దోసకాయ నీరుకారుతుంది, బెండకాయకు నల్లమచ్చలొస్తాయి. అలాగని మే నెల వంటింట్లోనూ అవి బతకవు. కాబట్టి వీటిని పొడిగుడ్డలో చుట్టి ట్రేలో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వండేయడం ఉన్నంతలో మేలు. డిసెంబరు, జనవరిలో రెండు మూడు రోజులకైతే బయటే ఉంచవచ్చు. బెండకాయకు తడి అసలు తగలకూడదు. వచ్చిన వెంటనే తుడిచి పెట్టండి.

టమాటా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుందని అంటారు, నిజమే. దోరకాయను ఫ్రిజ్‌లో పెడితే సరిగా పండదు, పిండి పిండిగా తయారవుతుంది. దోరకాయలను బయటే గాలి తగిలే పళ్లెంలో, ఒకదాని మీద ఒకటి పడకుండా, తొడిమ ఉన్న వైపు కిందికి బోర్లించి పెట్టండి. తొడిమ ఊడిన ఆ మచ్చ నుంచే కాయలోని నీరు ఎక్కువగా పోతుంది, బూజు కూడా అక్కడి నుంచే దిగుతుంది. ఇదంతా వంటిల్లు 25, 28 డిగ్రీలుండే రోజుల మాట. 30 డిగ్రీలు దాటితే టమాటాకు ఎర్రరంగు సరిగా పట్టదు, పసుపుగానే ఉండి మెత్తబడిపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో బాగా పండినవి కొని ఫ్రిజ్‌లో పెట్టడమే సరైన పని. పప్పులోకి, పులుసులోకి ఆ రుచి తేడా తెలియదు. పచ్చిగా తినాలనుకుంటే గంట ముందు బయట పెట్టుకోండి.

ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు (వెల్లుల్లి), ఉర్లగడ్డలు ఫ్రిజ్‌కు వద్దు. మూడింటినీ ఒకే బుట్టలో కూడా వద్దు. ఉర్లగడ్డలు వదిలే తేమ ఎర్రగడ్డలకు పడదు. ఎర్రగడ్డలకు, తెల్లగడ్డలకు గాలాడే బుట్ట కావాలి, వెలుగు తగిలినా పరవాలేదు. ఉర్లగడ్డలకు చీకటి కావాలి. వెలుగు తగిలితే ఆకుపచ్చగా మారతాయి, ఆ పచ్చదనంతో పాటే సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. కొంచెం పచ్చగా ఉంటే ఆ భాగాన్ని, మొలకలను లోతుగా కోసి పారేయండి. చేదుగా ఉంటే గడ్డ మొత్తం పారేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన ఉర్లగడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది. వేపుడు వేస్తే ఉడికేలోపే మాడుతుంది.

వానాకాలంలో ఎర్రగడ్డల బుట్టను వారానికోసారి తిరగేయండి. మెత్తబడిన ఒక్కటి అడుగున దాగి ఉంటే వాసన వచ్చేసరికి నాలుగు పోయి ఉంటాయి. గుమ్మడి, బూడిదగుమ్మడి కోయనంతవరకూ నీడలో నెలలు ఉంటాయి.

ఫ్రిజ్ లేకుండా, వేసవిలో

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ పూసా అనేది, 1980లలో కరెంటు అక్కర్లేని చల్లని గది ఒకటి తయారు చేసింది. ఇటుకలతో రెండు వరుసల గోడ, మధ్య సందులో ఇసుక, రోజూ రెండు పూటలా నీళ్లు. తడి ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే కిటుకే ఇది. పెరడుంటే దాన్నే కట్టుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు రెండు కుండలతో చిన్నది చేసుకోవచ్చు.

పెద్ద మట్టికుండ ఒకటి, దానిలో పట్టే చిన్నది ఒకటి తెచ్చుకోండి. రంగు వేసినవి, నున్నగా మెరుగు పెట్టినవి పనికిరావు, నీరు ఊరదు. పెద్దదాని అడుగున మూడు వేళ్ల మందం ఇసుక పోసి చిన్నదాన్ని లోపల పెట్టి, చుట్టూ ఉన్న సందు అంచు దాకా ఇసుకతో నింపండి. ఇసుక బాగా తడిసేలా నీళ్లు పోసి, నీడగా ఉండి గాలి ఆడే చోట పెట్టండి. మూసిన గదిలో పెడితే ఆవిరి పోదు, చల్లబడదు. లోపల వంకాయలు, దోసకాయలు, బీరకాయలు, టమాటాలు పెట్టి, నోటి మీద తడిగుడ్డ కప్పండి. గుడ్డ కారుతూ ఉండకూడదు, పిండి వేయాలి. పొద్దున, సాయంత్రం ఇసుకను తడుపుతూ ఉండాలి. ఫ్రిజ్ పడని కూరగాయలకు ఇది ఫ్రిజ్ కంటే మంచి చోటు.

మార్చి నుంచి జూన్ దాకా పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. నవంబరులో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఏమీ ఆవిరి కాదు. అప్పుడు లోపల పెడితే బూజు పట్టడమే మిగులుతుంది.

తరిగి పెట్టుకోవడం

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు రాత్రే తరిగి పెట్టుకోక తప్పదు. బీన్స్, క్యారెట్, క్యాబేజీ, గోరుచిక్కుడు ఒక రోజు ముందు తరిగి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కత్తి, పలక, చేయి పొడిగా ఉండాలి. రాత్రంతా నీళ్లలో ముంచి పెట్టకండి, విటమిన్ సి నీళ్లలోకి పోతుంది. వంకాయ, ఉర్లగడ్డ వండే ముందే తరుక్కోండి. తరిగినవి రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. సగం సొరకాయ మిగిలితే కోసిన ముఖానికి గాలి తగలకుండా చుట్టి, వాడేటప్పుడు పలుచటి బిళ్ల కోసి పారేసి మిగిలింది తీసుకోండి.

అల్లం తెల్లగడ్డ ముద్ద విషయంలో ఒక జాగ్రత్త. పచ్చి తెల్లగడ్డను నూనెలో ముంచి గది వేడిలో ఉంచితే గాలి అందని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణం తీయగల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగగలదు. వాసనలో, రంగులో తేడా తెలియదు. ముద్ద చేస్తే రెండు మూడు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఐస్ ట్రేలో గడ్డకట్టించి ఫ్రీజర్‌లో.

సరుకు ఎక్కువైనప్పుడు

డిసెంబరు, జనవరిలో అనపకాయలు కుప్పలుగా వస్తాయి. ఆ రెండు నెలల్లో ఎంత తిన్నా పితికిపప్పు (నానబెట్టి తోలు పితికి తీసిన అనపగింజలు) మీద మోజు తీరదు, తర్వాత ఏడాదంతా దొరకవు. ఒలిచిన గింజలను మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి, తీసి వెంటనే ఐస్ నీళ్లలో వేయండి. పూర్తిగా చల్లబడ్డాక ఆరబెట్టి, పళ్లెంలో పలుచగా పరిచి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఆ తర్వాత కవర్లో నింపితే ముద్దగా అంటుకోవు. మరిగే నీళ్ల అవసరమేంటంటే, గింజలోని ఎంజైములు గడ్డకట్టినా మెల్లగా పనిచేస్తూ రంగునీ రుచినీ పాడుచేస్తాయి, వేడి వాటిని ఆపుతుంది. బఠాణీకీ అంతే సమయం, బీన్స్‌కు మూడు నిమిషాలు. విడి ఫ్రీజర్ ఉన్న ఫ్రిజ్‌లో మైనస్ 18 డిగ్రీల చల్లదనం నిలుస్తుంది కాబట్టి ఆరేడు నెలలు బాగుంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ లోపలి ఐస్ అర అంత చల్లగా ఉండదు. అందులో పెట్టినవి ఒకటి రెండు నెలల్లో వాడేయండి.

కరెంటు పోతే తలుపు తీయకుండా ఉండటమే మందు. మూసిన ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లదనం నిలుపుకుంటాయి, సగం నిండినదైతే ఒక రోజు. 2021 నవంబరులో తిరుపతి మునిగిన రోజుల లాంటివి వస్తే ఈ లెక్క అక్కరకొస్తుంది.

టమాటా సంగతి మదనపల్లె మార్కెట్ చేతిలో ఉంటుంది. ఒక నెల రైతులు రోడ్డు మీద పారబోస్తారు. 2023 జులై, ఆగస్టుల్లో చూశాం కదా, కిలో రెండు వందల దాకా పోయింది. చౌకగా ఉన్నప్పుడు పండిన కాయలు ఉడికించి, తోలు తీసి, చిక్కబడేదాకా మరిగించి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి.

వేసవి ఎండను కూడా వాడుకోవాలి. మన అవ్వలు చేసిన ఒరుగులు ఈ లెక్కలోవే. టమాటాను నాలుగు ముక్కలు చేసి ఉప్పు పట్టించి, గోరుచిక్కుడును ఉప్పు వేసిన మజ్జిగలో సగం ఉడికించి, కాకరను చక్రాలుగా కోసి ఉప్పు రాసి, మిద్దె మీద పలుచటి గుడ్డ కప్పి ఎండబెట్టాలి. రాత్రిపూట లోపలికి తెచ్చేయాలి, లేకపోతే పగలు పోయిన తేమ మంచుతో తిరిగొస్తుంది. మూడు నుంచి ఐదు ఎండలకు ముక్క వంచితే విరిగే స్థితికి వస్తుంది. పూర్తిగా చల్లారాక గాజుసీసాలో నింపండి, వేడిమీద మూత పెడితే లోపల చెమట పడుతుంది. వానలు పట్టుకున్నాక ఒకసారి సీసా తీసి చూడండి. ముక్క విరగకుండా వంగుతుంటే తేమ చేరినట్టే. బూజు కనిపిస్తే మొత్తం పారేయండి. బూజు లేకపోతే మూకుట్లో సన్నమంట మీద కాసేపు తిప్పి, చల్లార్చి, పొడి సీసాలోకి మార్చుకోండి.